చెట్ల తలలమీఁదుగా

వృక్షశాస్త్రము బోధించునపుడు మేము పిల్లలకు వేరును, మ్రానును, చేతికందిన ఆకును చూపుదుము. కాని మహావృక్షముల పూవులును, కాయలును, పక్షుల గూళ్లును అధికముగా నుండు శిరోభాగమును చూపుటకు మార్గము లేదు. దానిని దగ్గఱనుండి చూచు భాగ్యము గడచిన వేసవి సెలవులలో సింగపూరునందు మాకు లభించెను.

అచ్చట ఉద్యోగము చేయుచున్న మా అన్నకుమారుని యింట కొలఁదిదినము లుంటిమి. ఆ పట్టణమున మెక్‌రిచ్చి అను జలాశయమును, దానిచుట్టు దట్టమైన అడవియుఁ గలవు. ఆ యడవిలో రెండు గుట్టలను కలుపుచు 250 మీటర్ల పొడవుగల వ్రేలాడు వంతెనను 2004 సంవత్సరమున తెఱచిరి. అది నేలకు 25 మీటర్ల యెత్తువఱకు ఉండును. మిక్కిలి యిఱుకైనది, ఒక దిక్కునకే నడువవలయును.

అడవిదారిని 4 కిలోమీటర్లకు పైఁగా నడచి వంతెన చేరితిమి. తొలి యడుగునకే బాట కదలెను. మా యిల్లాలు కమ్మిని గట్టిగా పట్టుకొని, "ఇఁక ముందుకు రాలేను" అనెను. "పిన్నీ, క్రిందికి చూడవద్దు, ఎదుటి చెట్టునే చూడుము" అని అబ్బాయి పలికెను. ఆమె యట్లే నడచి, నడుమకు చేరునప్పటికి భయము తీఱి, కొమ్మలలోని కోఁతిని తానే మాకు చూపెను. మా పాదముల క్రింద ఆకుపచ్చని సముద్రము. దూరమున మఱియొక జలాశయపు మెఱపు.

ఆ యడవి యెల్ల ఆదినుండి చెక్కుచెదరక నిలిచినది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున గాంబియరు తోఁటలకై సింగపూరు అడవులలో అధికభాగము నఱకఁబడెను. తోళ్లు పదునుచేయుటకు పనికివచ్చు సారమును తీయుటకై ఆ యాకులను ఉడికించువారు. వంటచెఱకును అడవినుండియే తెచ్చిరి. 1860-70 నడుమ జలాశయము కట్టిన పిదప, నీటికొఱకు చుట్టునున్న అడవిని కాపాడిరి. నఱకిన చోటులందును చెట్లు మరల పెరిగెను.

ఊరికి తిరిగివచ్చి పాఠశాల వెనుకటి గుట్టను చూడఁగా మనసు కలఁతపడెను. మేము చదువుకొను నాఁటి చెట్లలో నేఁడు పదింట నొకటియు లేదు. వేసవిలో వసతిగృహపు బావి యెండుచున్నది. దేవుఁడు ఆదామునకు తోఁట నప్పగించినది కాచుటకే కాని కాల్చుటకు కాదు గదా!

ప్రియవిద్యార్థులారా, తొలకరి పడఁగానే ఆ గుట్టపై వేప, కానుగ, చింత మొక్కలు నాటుదము. మేఁకలు మేయకుండ ముండ్లకంప కట్టుదము. ఆ చెట్ల తలలు ఆకాశము నంటునాఁటికి మేముండము. మీరు చూతురు, మీ పిల్లలు ఆ బావినీరు త్రాగుదురు.