చచ్చిన ముక్కకూ పనుంది

మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఆడేవాళ్ళని మీకిష్టమైన డెక్ ఏదని అడిగితే కొందరు డ్రాగన్లదంటారు, కొందరు దేవదూతలదంటారు. నన్నడిగితే జాంబీలదంటాను. అందులోనూ తన జాంబీలను తనే బలి ఇచ్చుకుంటూ గెలిచే డెక్. కొత్తగా చూసేవాళ్ళకి అది వెగటుగా అనిపించవచ్చు. కుళ్ళిన శవాలు, తవ్విన సమాధులు, బలిపీఠాలు, బొమ్మలన్నీ అవే. ఆ బొమ్మల వెనక ఉన్న పొందిక ఒకసారి తెలిశాక మాత్రం వదిలిపెట్టబుద్ధి కాదు. ఏ ముక్కా వృథా పోని పేర్పు అది.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితజ్ఞుడు తయారుచేసిన ఈ ఆటను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ 1993లో విడుదల చేసింది. మామూలు పేకాటలో అందరికీ కలిపి ఒకటే కట్ట. ఇక్కడ ఎవరి కట్ట వాళ్ళే ఇంటి దగ్గర పేర్చుకుని వస్తారు. వేల రకాల కార్డుల్లోంచి ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని తేల్చుకోవడంలోనే సగం ఆట ఉంది. ల్యాండ్ కార్డులు మానా అనే శక్తిని ఇస్తాయి. ఆ మానా ఖర్చుపెట్టి ప్రాణులను, మంత్రాలను దింపుతాం. చచ్చిన ప్రాణి, వాడేసిన మంత్రం గ్రేవ్‌యార్డ్ అనే కుప్పలోకి పోతాయి. నేను ఎక్కువగా ఆడే కమాండర్ పద్ధతిలో డెక్‌కి సరిగ్గా 100 కార్డులు. బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు. అందులో ఒకటి కమాండర్. అది కట్టలో కలవదు, మొదటినుంచీ బయటే ఉంటుంది. మామూలుగా నలుగురు కూర్చుంటారు, తలా 40 ప్రాణాలతో మొదలుపెడతారు.

జాంబీలు ఈ ఆటలో మొదటిరోజు నుంచీ ఉన్నాయి. 1993 నాటి తొలి ముద్రణలోనే స్కేథ్ జాంబీస్ అనే కార్డు ఉంది. మూడు మానా ఖర్చు, రెండు బలం, రెండు ఓర్పు, అంతే. ఇంకే విద్యా లేదు. జాంబీలకి అసలు దశ తిరిగింది 2011లో ఇనిస్ట్రాడ్ వచ్చాక. పాత ఐరోపా భయానక కథల వాతావరణంలో అల్లిన లోకం అది. అక్కడ జాంబీలు రెండు రకాలు. సమాధుల్లోంచి మంత్రం వేసి లేపినవి నల్లరంగువి. ముక్కలు ముక్కలుగా కుట్టి ప్రాణం పోసినవి నీలంరంగువి. గీసా, గెరాల్ఫ్ అని ఇద్దరు తోబుట్టువులు. గీసా లేపుతుంది, గెరాల్ఫ్ కుడతాడు. నీలం, నలుపు కలిపి జాంబీల డెక్ కట్టడమనే అలవాటు అక్కడే గట్టిపడింది.

ఆ లోకంలోంచే 2012లో గ్రేవ్‌క్రాలర్ వచ్చింది. డార్క్ అసెన్షన్ అనే సెట్‌లోది. ఒక్క నల్ల మానా. బలం రెండు, ఓర్పు ఒకటి. ఎదుటివాడి దాడిని అడ్డుకోలేదు. ఇంతవరకూ చదివితే డబ్బా అడుగున పడెయ్యాల్సిన కార్డే. కింద ఇంకో వాక్యముంది: మీ దగ్గర ఒక జాంబీ ఉన్నంతకాలం దీన్ని గ్రేవ్‌యార్డ్‌లోంచి కూడా దింపవచ్చు. చందమామలో భేతాళుడు ఎన్నిసార్లు చెట్టెక్కాడో ఇదీ అన్నిసార్లు తిరిగొస్తుంది. ఆయన తిరిగి చెట్టెక్కడానికి విక్రమార్కుడి మౌనం చెదరాలన్న షరతు ఉన్నట్టే దీనికీ ఒక షరతు ఉంది. ఒంటరిగా అయితే లేవదు, తోడుగా ఇంకో జాంబీ ఉండాలి. డెక్ కట్టే పనంతా ఆ షరతులోంచే పుడుతుంది.

ఇప్పుడు దాని పక్కన రెండు కార్డులు పెట్టండి. ఒకటి ఫైరెక్సియన్ ఆల్టర్, 2000లో ఇన్వేజన్ సెట్‌లో వచ్చిన బలిపీఠం. ఒక ప్రాణిని బలిస్తే ఏ రంగైనా సరే, ఒక మానా ఇస్తుంది. రెండోది డైర్‌గ్రాఫ్ కెప్టెన్. తనూ జాంబీయే. మీ ఇంకో జాంబీ చచ్చినప్పుడల్లా ఎదుటివాళ్ళలో మీరు చూపించినవాడికి ఒక ప్రాణం పోతుంది. ఆట ఇలా సాగుతుంది. గ్రేవ్‌క్రాలర్‌ని బలిస్తాం, నల్ల మానా వస్తుంది. జాంబీ చచ్చింది కాబట్టి కెప్టెన్ ఒక ప్రాణం లాగేస్తాడు. కెప్టెన్ అనే జాంబీ ఇంకా నిలబడే ఉన్నాడు కాబట్టి గ్రేవ్‌క్రాలర్ లేవడానికి అర్హత ఉంది. లేవడానికయ్యే ఖర్చు ఒక నల్ల మానా, అది ఇందాకే చేతికొచ్చింది. లేపుతాం, మళ్ళీ బలిస్తాం. ముగ్గురు ప్రత్యర్థులు, తలా 40 ప్రాణాలు. ఆట మొదట్లోనే ఈ మూడూ కలిస్తే 120 సార్లు తిప్పాలి. చేత్తో అన్నిసార్లు తిప్పనక్కర్లేదు. ఒకసారి చేసి చూపించి, ఇన్నిసార్లు చేస్తున్నానని చెబితే చాలు, నిబంధనలు ఒప్పుకుంటాయి.

నేను ఈ డెక్‌తో ఆడుతుండగా మా అన్నయ్య కొడుకు నా పక్కన కూర్చుని చూశాడు. వాడిది డ్రాగన్ల డెక్. ఒక్కో డ్రాగన్‌ని దింపాక దానికి గీత కూడా పడకుండా కాపాడుకుంటాడు.

"బాబాయ్, నీ వాళ్ళని నువ్వే చంపుకుంటావేంటి?" అన్నాడు.

"ఊరికే చంపట్లేదురా, చూడు" అని స్టిచర్స్ సప్లయర్‌ని దింపాను. ఒక్క మానా జాంబీ. రాగానే నా కట్ట పైనుంచి మూడు కార్డులు గ్రేవ్‌యార్డ్‌లో పడ్డాయి. వాటిలో గ్రేవ్‌క్రాలర్ లేదు. సప్లయర్‌ని బలిచ్చాను. చచ్చేటప్పుడూ అది ఇంకో మూడు కార్డులు పడేస్తుంది. ఈసారి గ్రేవ్‌క్రాలర్ పడింది. చేతిలోకి రాకుండానే అది నాకు దొరికినట్టే. పైగా బలి వల్ల వచ్చిన మానా ఇంకా ఖర్చు కాలేదు. పక్కన ఒక జాంబీ ఉండగానే దాంతో గ్రేవ్‌క్రాలర్‌ని లేపాను. వాడు గ్రేవ్‌యార్డ్ కుప్పని చేతిలోకి తీసుకుని ఒక్కో కార్డూ చదవడం మొదలుపెట్టాడు. ఈ డెక్ అర్థం కావాలంటే చదవాల్సింది ఆ కుప్పనే.

అయితే మూడు కార్డుల కాంబో తెలిసిపోతే డెక్ కట్టడం వచ్చేసినట్టు కాదు. మిగతా 97 కార్డుల సంగతి చూడాలి. లెక్క వేద్దాం. కమాండర్ పోగా కట్టలో 99. మొదట ఏడు తీసుకుని, వంతుకొకటి చొప్పున ఎనిమిదో వంతుకి 15 కార్డులు చూస్తాం. ఫలానా ఒక్క కార్డు వాటిలో ఉండే అవకాశం వందకి 15. ఫలానా రెండు కార్డులూ ఉండే అవకాశం వందకి రెండే. అంటే ఆ రెంటి మీదే ఆశ పెట్టుకుంటే ఎక్కువ ఆటలు చేతులు కట్టుకుని కూర్చోవడమే. అదే పని చేసే కార్డులు ఐదు పెడితే వాటిలో ఒకటైనా వచ్చే అవకాశం వందకి 57. ఇంటర్ లెక్కల్లో నేర్చుకున్న కాంబినేషన్లే ఇవి. గార్ఫీల్డ్ డాక్టరేట్ చేసింది కూడా ఈ కాంబినేటరిక్స్ శాఖలోనే. ఆయన చదివిన గణితం ప్రతి డెక్ పెట్టెలోనూ కనిపిస్తుంది.

నా పేర్పు సుమారుగా ఇది. ల్యాండ్లు 36. మానా ఇచ్చే సోల్ రింగ్ లాంటి వస్తువులు తొమ్మిది. కార్డులు తెచ్చేవి, వెతికేవి పది. ఎదుటివాడి ప్రాణుల్ని తీసేసేవి ఎనిమిది. బలిచ్చే సాధనాలు ఐదు. చావుకి ఫలితమిచ్చేవి ఆరు. మిగిలిన 25 జాంబీలు. అసలు నేర్పు ఈ గుంపుల మధ్య గోడలు చెరిపెయ్యడంలో ఉంది. కారియన్ ఫీడర్ ఒక్క మానా జాంబీ, తనే బలిపీఠం కూడా. బలి తిన్నప్పుడల్లా బలుస్తుంది. డైర్‌గ్రాఫ్ కెప్టెన్ జాంబీ, చావుకి ఫలితమిచ్చేవాడు, పైగా తక్కిన జాంబీలన్నిటికీ బలం పెంచే నాయకుడు. ఇలా రెండు మూడు పనులు చేసే కార్డు ఒక్కటి దొరికినా డెక్‌లో ఒక ఖాళీ మిగులుతుంది. రూఫ్‌టాప్ స్టార్మ్ ఉంటే జాంబీలకి మానాయే అక్కర్లేదు. దానికి గ్రేవ్‌క్రాలర్, కారియన్ ఫీడర్ తోడైతే ఆల్టర్ లేకుండానే చక్రం తిరుగుతుంది.

కమాండర్‌గా విల్‌హెల్ట్‌ని పెట్టుకున్నాను. 2021లో వచ్చిన నీలం-నలుపు జాంబీ. మీ ఇంకో జాంబీ చస్తే దాని బదులు ఒక శిథిల జాంబీ టోకెన్ ఇస్తాడు. అది అడ్డుకోలేదు, ఒక్కసారి దాడి చేసి రాలిపోతుంది. టోకెన్ చస్తే మాత్రం ఇంకోటి రాదు. మీ వంతు చివర ఒక జాంబీని బలిస్తే ఒక కార్డు తీసుకోనిస్తాడు. ఈయన బల్ల మీద ఉండగా ఆల్టర్, గ్రేవ్‌క్రాలర్ కలిస్తే తిప్పిన ప్రతిసారీ ఒక టోకెన్ మిగులుతుంది. దాన్నీ బలిస్తే అదనంగా ఇంకో మానా. మానాకి అంతుండదు. కాంబో రాని రోజున కూడా విల్‌హెల్ట్ ఊరుకోడు. చావొకటి, టోకెనొకటి, కార్డొకటి అంటూ నింపాదిగా బల్లని నింపేస్తాడు. నేను ఆయన్ని ఎంచుకున్నది అందుకే.

కార్డు మీదున్న ప్రతి మాటా బరువైనదేనని ఈ డెక్ చెప్పినంత గట్టిగా ఇంకేదీ చెప్పదు. అష్నాడ్స్ ఆల్టర్ అని 1994 నాటి బలిపీఠం ఇంకోటుంది. బలికి రెండు మానా ఇస్తుంది. ఒకటిచ్చేదానికన్నా రెండిచ్చేది మేలు కదా అనిపిస్తుంది. కానీ ఆ మానాకి రంగుండదు, గ్రేవ్‌క్రాలర్‌కి నల్ల మానాయే కావాలి. ఆ ఒక్క మాటతో చక్రం ఆగిపోతుంది. అన్‌డెడ్ ఆగర్ ఇంకా చిత్రం. జాంబీ చచ్చినప్పుడల్లా మీకొక కార్డు ఇస్తుంది, ఒక ప్రాణం తీసుకుంటుంది. మామూలు రోజుల్లో దానంత ఆప్తుడు లేడు. కానీ "కావాలంటే" అన్న మాట దాని మీద లేదు. కెప్టెన్‌తో 120 సార్లు తిప్పబోతే, ఎదుటివాళ్ళు అయిపోకముందే మీ 40 ప్రాణాలూ అయిపోతాయి. అందుకని చక్రం మొదలుపెట్టే ముందు ఆగర్‌నే మొదటి బలిగా ఇచ్చెయ్యాలి. లేదా జూలపోర్ట్ కట్‌త్రోట్‌ని తోడు పెట్టుకోవాలి. అతను చావుచావుకీ ప్రత్యర్థులందరి దగ్గరా ఒక్కో ప్రాణం తీసి మీకొకటి తిరిగిస్తాడు, నలభై చావులతో పని పూర్తవుతుంది.

ఎదుటివాళ్ళకి దారి లేదనుకోకండి. ఆల్టర్‌కి బలివ్వడాన్ని ఎవరూ మధ్యలో ఆపలేరు, మానా ఇచ్చే పని ఎవరి అనుమతికీ ఆగదు. కానీ కెప్టెన్ దెబ్బ అమలయ్యేలోపు గ్రేవ్‌క్రాలర్ గ్రేవ్‌యార్డ్‌లోనే పడి ఉంటుంది. ఆ దెబ్బ తీరేదాకా దాన్ని లేపలేం. సరిగ్గా ఆ సందులో ఎవరైనా దాన్ని గ్రేవ్‌యార్డ్ నుంచి ఎక్సైల్ చేస్తే, అంటే ఆటలోంచే తీసేస్తే, ఇక అది రాదు. కెప్టెన్‌ని చంపినా, ఇంకో జాంబీ లేకపోతే షరతు తప్పి ఆగిపోతుంది. బొజూకా బాగ్ అనే ల్యాండ్ ఒక్కటి దింపితే గ్రేవ్‌యార్డ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. రెస్ట్ ఇన్ పీస్ ఉన్నంతకాలం అసలు ఏదీ గ్రేవ్‌యార్డ్‌కే చేరదు. ఇలాంటి రోజుల కోసమే ఆ 25 జాంబీలు. కెప్టెన్ లాంటి నాయకులు రెండు బలాన్ని మూడు, నాలుగు చేస్తే, గుంపుగా నడిచి వెళ్ళి పాతపద్ధతిలో కొట్టి గెలవగలగాలి. అలా గెలవలేని డెక్‌ని నేను మంచి డెక్ అనను, అందులో ఎన్ని కాంబోలున్నా సరే.

ఇంకో సంగతి. కాంబో అన్నది బల్ల దగ్గర కూర్చున్న నలుగురి సాయంత్రాన్నీ ఒక్క క్షణంలో ముగిస్తుంది. అందుకే ఆటకి ముందే నా డెక్‌లో ఇలాంటిదుందని చెబుతాను. తొందరగా వెతికిచ్చే ఖరీదైన కార్డులు కొన్ని కావాలనే పెట్టలేదు. అందరూ కాసేపు తమ డెక్ ఆడుకున్నాక చక్రం తిరిగితే ఓడినవాళ్ళు కూడా దగ్గరికి జరిగి ఎలా చేశావని అడుగుతారు. మూడో వంతులోనే తిరిగితే లేచి వెళ్ళిపోతారు. ఆడేది మనుషులతో అన్న ఎరుక ఏ కాంబోకన్నా ముందుండాలి.

మీ డబ్బాలో ఎవరూ ముట్టని ఒక మానా, రెండు మానా జాంబీలుంటే పారెయ్యకండి. ఆల్టర్ ఖరీదు చూసి వెనకాడకండి కూడా. ముందు ఆ చిన్న జాంబీలను పరిచి, ఏది చస్తే ఏది లేస్తుందో, ఏది చస్తే ఎవరికి లాభమో ఒక్కొక్కటీ చదవండి. చచ్చినా పనికొచ్చేవి ఓ పాతిక కుదిరితే మీ డెక్ సగం తయారైనట్టే. మిగతా కార్డులు మెల్లగా సంపాదించుకోవచ్చు.