వెనక చక్రాల గోడు

సంక్రాంతికి వారం ముందు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్ల ముందు టార్పాలిన్లు తొలగుతాయి. ఏడాదంతా వాటి కింద నిద్రపోయిన కార్లు బయటపడతాయి. కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటాడు, కారు మాత్రం ఊళ్లో ఉంటుంది. ఎక్కువగా పాత మారుతి 800లు, అక్కడక్కడా ఓ అంబాసిడర్. బ్యాటరీ ఛార్జింగ్ పెట్టిస్తారు, చక్రాలకు గాలి కొట్టిస్తారు. తాళం తిప్పగానే ఇంజిను పలికితే ఇంటిల్లిపాదికీ సంబరం. తీరా గేరు వేస్తే బండి కదలదు! వెనక చక్రాలు మొండికేసిన ఎద్దుల్లా నిలబడిపోతాయి.

దోషం ఎక్కడో లేదు. హ్యాండ్ బ్రేకు వేసి నెలల తరబడి వదిలేశారు. భోగాపురం, కళింగపట్నం, బారువ... తీరం వెంట ఏ ఊరైనా గాలిలో ఉప్పు, తేమ తప్పవు. డ్రమ్ము లోపల తుప్పు పడుతుంది. దానికి ఆనుకుని ఉన్న బ్రేక్ షూ కాస్తా అతుక్కుపోతుంది. అందుకే ఎక్కువ రోజులు నిలిపే బండికి హ్యాండ్ బ్రేకు వేయకుండా, చదును నేల మీద గేరులో పెట్టి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టడం మేలు.

అతుక్కుంటే ఒక రకంగా అదృష్టమే. రోగం కళ్లకు కనిపించింది, మెకానిక్కు కబురు వెళ్లింది. అసలు ప్రమాదం పట్టుకోని బ్రేకుతో. అది చెప్పిరాదు. బ్రేకు తొక్కినప్పుడు బండి బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. వెనక బ్రేకులు సగం చచ్చినా ఊళ్లో తిరిగే బండి ఆగుతూనే ఉంటుంది. మూడు లాంతర్ల నుంచి రైల్వే స్టేషన్ దాకా ఏ తేడా తెలియదు. తెలిసేది ఘాట్ రోడ్డు మీదే.

విజయనగరంలో ఓ రిటైర్డ్ సైన్సు మాస్టారికి అది ఘాట్ ఎక్కకముందే తెలిసింది. ఆయన కూతురిది ఒడిశాలోని జయపురం. ఏడో నెల. పురిటికి తీసుకురావాలి. బస్సు కుదుపులు వద్దని, తన మారుతిలోనే తెస్తానని మాస్టారు మాట ఇచ్చారు. దారిలో సాలూరు ఘాట్ ఉంది. సాలూరు 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లాలోదే, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా మలుపులు మారలేదు. దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు మైదానానికి దిగే ఆ రోడ్డులో, ముందు వెళ్లే లారీ నుంచి లైనర్లు కాలిన వాసన రావడం డ్రైవర్లందరికీ అనుభవమే.

మాస్టారి కారులో హ్యాండ్ బ్రేకు లివరు చాలా పైకి వస్తోంది. ఆరు నెలల కిందట ఎవరో కేబుల్ బిగించి పంపారు. మళ్లీ మామూలే. పెడల్ కూడా కాస్త లోతుకు దిగుతోంది. ప్రయాణానికి పది రోజుల ముందు అంబాసిడర్ల దగ్గర పని నేర్చిన ఓ పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారు.

మేస్త్రి పెడల్ రెండుసార్లు తొక్కి చూశాడు. ‘‘ముందువి బాగానే ఉన్నాయండి మాస్టారూ. ఎనకవే పన్జెయ్యడం నేదు’’ అన్నాడు.

‘‘కేబుల్ బిగిస్తే సరిపోదా?’’

‘‘లోన షూ అరిగిపోతే పైన కేబుల్ బిగించీసి ఏటి లాభవండి?’’

పాత కార్లలో చాలావాటికి జరిగే అన్యాయం ఇదే. హ్యాండ్ బ్రేకు వదులైతే కేబుల్ బిగించడం ఐదు నిమిషాల పని. డ్రమ్ము విప్పి చూడటం సగం పూట పని. కానీ వరస తిరగబడింది. ముందు షూ, డ్రమ్ము మధ్య సందు సరిచేయాలి, అన్నీ అయ్యాక ఆఖర్న కేబుల్ సంగతి చూడాలి. ముందే కేబుల్ బిగిస్తే లోపలి లివరు పూర్తిగా వెనక్కి రాదు. షూ అరిగేకొద్దీ దానంతటదే సందు తగ్గించుకునే ఏర్పాటు మారుతిలో ఉంది. కేబుల్ లాగిపెట్టి ఉంటే అది పనిచేయదు.

వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ముందు చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, జాకీ ఎత్తాక మేస్త్రి ఇనుప స్టాండు కూడా పెట్టాడు. ఒక్క జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టేవాళ్లను చూస్తే ఆయనకు కోపం. ఇటుకలు పేర్చేవాళ్లను చూస్తే మరీను.

డ్రమ్ము ఓ పట్టాన ఊడలేదు. ఏళ్ల తరబడి షూ రాసుకున్న చోట డ్రమ్ము అరిగి, అంచున గట్టులా మిగులుతుంది. షూ ఆ గట్టుకు తగులుకుంటుంది. సుత్తితో అంచు మీద కొడితే పోతపోసిన ఇనుము కనక చిట్లిపోతుంది. డ్రమ్ముకు ఉన్న రెండు మరల రంధ్రాల్లో బోల్టులు పెట్టి, అటు కాస్త ఇటు కాస్త బిగిస్తూ వెళితే అదే బయటికొచ్చింది.

లోపల నల్లటి పొడి. పక్కనున్న కుర్రాడు గాలి పైపు అందుకోబోతే మేస్త్రి కసిరాడు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా తేలవచ్చు. నోటితో ఊదడం, గాలి కొట్టడం రెండూ తప్పే. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో మూటకట్టి పారేయాలి. షెడ్డుల్లో ఇంకా చాలామంది పట్టించుకోని జాగ్రత్త ఇది.

ఎడమ చక్రం షూలు బాగా పలచబడ్డాయి. కుడివైపు సంగతి వేరు. అక్కడ లైనరంతా తడి! వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు కాస్త ఎత్తగానే బ్రేకు ఆయిల్ కారింది. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడికి ఈ సిలిండర్‌లోని రెండు పిస్టన్లు బయటికి జరిగి షూలను డ్రమ్ముకు అదుముతాయి. ఆ ఆయిలే కారి లైనర్ మీద పడితే పట్టేం ఉంటుంది? నూనె చేతులతో తాడు పట్టుకున్నట్టే. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేసే అలవాటు కొందరిది. పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్లీ పైకి వస్తుంది. సిలిండర్ మార్చాలి, షూలు మార్చాలి. అదీ రెండువైపులా. ఒకవైపే మారిస్తే బ్రేకు తొక్కిన ప్రతిసారీ బండి ఒకవైపుకు లాగుతుంది.

డ్రమ్ము లోపల వేలితో తడిమి గీతలేమైనా ఉన్నాయా అని చూశాడు మేస్త్రి. లోతుగా ఉంటే లేత్‌కు పంపాలి. అయితే ఎంతవరకు కోయవచ్చో డ్రమ్ము మీదే కొలత పోతపోసి ఉంటుంది. అది దాటితే డ్రమ్ము మార్చడమే.

కొత్త షూల పెట్టె తెరిచారు. పలాస వాళ్లకు ఈ వస్తువుతో ఓ చుట్టరికం ఉంది. జీడిపప్పు బట్టీల్లో ఆడవాళ్లు ఆముదమో బూడిదో చేతులకు రాసుకుని పిక్కలు కొడతారు. తొక్క లోపలి చమురు తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. వేళ్లను కాల్చే ఆ జీడి చమురునే రసాయనాలతో గట్టిపరిచి పొడి చేసి, దాదాపు వందేళ్లుగా బ్రేకు లైనర్లలో కలుపుతున్నారు. లైనర్ వేడెక్కినా పట్టు సడలకుండా, కీచుమనకుండా ఆ పొడి సాయపడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో జీడితోటలు కూలినప్పుడు అందరూ పప్పు సంగతే మాట్లాడుకున్నారు. తొక్కకూ ఓ బతుకుందని ఎంతమందికి తెలుసు?

మేస్త్రి ఒకవైపు పని పూర్తయ్యేదాకా రెండోవైపు విప్పలేదు. స్ప్రింగులు ఏది ఎటో అనుమానం వస్తే రెండో చక్రాన్ని చూసి సరిచూసుకోవచ్చు. ఇప్పటి కుర్రాళ్లు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నారు, అదీ మంచిదే. తుప్పు పట్టి బిగుసుకుపోయిన సర్దుబాటు పళ్లను శుభ్రం చేసి కదిలేలా చేశాడు. షూ అంచులు రాసుకునే చోట్ల మాత్రం గోరంత గ్రీజు. లైనర్ మీద ఒక్క చుక్క పడ్డా చేసినదంతా వృథా.

తర్వాత గాలి తీయడం. మాస్టారు పెడల్ దగ్గర కూర్చున్నారు. ‘‘తొక్కండి... అలాగే పట్టండి... ఇప్పుడు వదలండి.’’ మేస్త్రి చక్రం దగ్గర నిపుల్ వదులు చేస్తే గొట్టంలో బుడగలు. మళ్లీ తొక్కుడు. బుడగలు ఆగేదాకా ఇదే వరస. వచ్చిన ఆయిల్ కషాయంలా ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలుంటే పెడల్ మెత్తగా నేలకు దిగడం. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే. తీరప్రాంతంలో ఆ గడువు దాటనివ్వకపోవడమే క్షేమం.

ఇంట్లో మాస్టారు ఓ లెక్క వేశారు. మనుషులతో కలిపి బండి వెయ్యి కిలోలు. ఘాట్‌లో ఏడొందల మీటర్లకు పైగా దిగడం. ఆ శక్తంతా బ్రేకుల్లోనే వేడిగా మారితే ఇరవై లీటర్ల పైచిలుకు నీళ్లు సలసలా మరుగుతాయి! పైగా వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగమంటారు పాత డ్రైవర్లు. అప్పుడు ఇంజినే సగం బరువు మోస్తుంది. కాలిన వాసన వస్తే ఓ పక్కన ఆపి చల్లారనివ్వాలి. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

మిగిలింది సందు సరిచేయడం. మాస్టారి కారులో పెడల్ పదిసార్లు తొక్కితే పళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. అంబాసిడర్ లాంటి బళ్లలో అదంతా చేత్తోనే. చక్రం తిరగనంతగా బిగించి, మెల్లగా వదులు చేస్తూ, చేత్తో తిప్పుతూ వినాలి. మేస్త్రి ఇప్పుడూ అలవాటు కొద్దీ డ్రమ్ముకు చెవి ఆనించాడు. షూ సన్నగా ‘సర్’మని రాసుకోవాలి, చక్రం మాత్రం ఆగకూడదు. రెండు వైపులా ఒకే చప్పుడు రావాలి. అది కుదిరాకే హ్యాండ్ బ్రేకు కేబుల్ ముట్టుకున్నాడు. లివరు నాలుగైదు టిక్కుల్లో బిగిసింది.

మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఫిట్‌నెస్ చూశాకే రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లు పొడిగిస్తారు. రంగు వేయించి, సీటు కవర్లు మార్పించి తీసుకెళ్లేవాళ్లే ఎక్కువ. డ్రమ్ములు విప్పించి తీసుకెళ్లేవాళ్లు తక్కువ.

మాస్టారు డబ్బులిచ్చి తాళాలు తీసుకుంటుంటే మేస్త్రి ఆపాడు. ‘‘రేపే ఘాటు ఎక్కీకండి. కొత్త లైనరు, డ్రమ్ముకు కుదురుకోవాలి. మూడొందల కిలోమీటర్లు ఊళ్లోనే మెల్లగా తిప్పండి. తిరిగొచ్చి ఆగాక డ్రమ్ముల దగ్గర దూరం నుంచి చెయ్యి పెట్టి సూడండి. ఒకటి ఏడిగా, ఒకటి సల్లగా ఉంటే మళ్లీ నా దగ్గరికి తెచ్చీయండి.’’

ఆ వారం రోజులూ మాస్టారు పొద్దునా సాయంత్రం గంటస్తంభం చుట్టూ, రింగు రోడ్డు వెంట పనిలేకుండా కారు తిప్పారు. పెట్రోలు దండగని భార్య విసుక్కున్నా ఆపలేదు. ఎనిమిదో రోజు ఉదయం రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూసి, జయపురానికి ఫోన్ చేశారు.