నారాయణగూడ కట్టిన తెలుగు బడి

సుల్తాన్‌బజార్‌ వైపు నుంచి మెట్రోలో వస్తే ముందు నారాయణగూడ, తర్వాత చిక్కడపల్లి. దాన్ని ఆనుకునే అశోక్‌నగర్‌. పొద్దున్నే పుస్తకాల సంచులతో నిండిపోయే పేటలివి. కానీ ఇక్కడి ఆడపిల్లలు తెలుగులో హైస్కూలు చదవడానికి ఒకప్పుడు ఎక్కడి నుంచి గుర్తింపు తేవాల్సి వచ్చిందో తెలుసా? పుణె నుంచి!

నిజాం రాజ్యంలో తెలుగువాళ్లే ఎక్కువ. ఉన్నత పాఠశాలల్లో చదువు, కచేరీల్లో వ్యవహారం మాత్రం ఉర్దూలో. 1921లో హైదరాబాద్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. దానికి ముందు నిలిచిన మాడపాటి హనుమంతరావు, 1928లో మిత్రులతో కలిసి నారాయణగూడలో బాలికల పాఠశాల పెట్టారు. చదువంతా తెలుగులోనే.

మరి గుర్తింపో? తెలుగు మాధ్యమానికి ఇక్కడ దొరకలేదు. అప్పుడు ఆదుకున్నది పుణెలో కర్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయం. తెలుగుకు అవమానం జరిగిన సభకు అధ్యక్షత వహించిన పెద్దాయనదే ఆ సంస్థ!

ఆ తర్వాత నారాయణగూడ చదువుల పేటగా ఎదిగింది. న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్‌ పేరిట 1940లో కేశవ్‌ మెమోరియల్‌ విద్యాసంస్థ, 1954లో రాజా బహదూర్‌ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల వచ్చాయి. మాడపాటి 1951లో నగరానికి మేయరయ్యారు.

బడి చదువు అయిపోయాక కొలువుల చదువు. అది చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో. ఇక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌ అభ్యర్థులు గంటల తరబడి కదలరు. చుట్టూ కోచింగ్‌ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్‌ షాపులు. జిల్లాల నుంచి వచ్చిన వారిలో ఎందరో తెలుగు మాధ్యమం వాళ్లే. వాళ్ల బల్లల మీద ఇప్పటికీ తెలుగు అకాడమీ పుస్తకాలు కనిపిస్తాయి.

బడుల్లో మాత్రం గాలి మారింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని పాఠశాలల్లో తెలుగును ఓ సబ్జెక్టుగా తప్పనిసరి చేస్తూ చట్టమే తేవాల్సి వచ్చింది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం మొదలైంది. పిల్లల భవిష్యత్తు కోసమేనన్నది అమ్మానాన్నల మాట. కాదనలేం. ఆనాడు నారాయణగూడలో తమ ఆడపిల్లల్ని తెలుగు బడికి పంపిన వాళ్లు కోరుకున్నదీ పిల్లల భవిష్యత్తునే.

ఈసారి మెట్రో నారాయణగూడలో ఆగినప్పుడు పిల్లలకు ఈ బడి కథ చెప్పండి. తెలుగులోనే సుమా!