తల్లికి తెలియని తొలి నెల

ఆదోని ప్రాంతంలో వైద్యం చేసిన రోజుల్లో, వెన్నుపాము బయటికి తెరుచుకొని పుట్టిన బిడ్డతో కైరుప్పల నుండి ఒక తల్లి వచ్చింది. గ్రహణం నాడు బయట తిరిగిందని అత్తింటివారు ఆమెనే నిందిస్తున్నారు. కారణం గ్రహణం కాదని చెప్పాను. కానీ పిండం ఎలా రూపుదిద్దుకుంటుందో కళ్లకు కట్టే సాధనం అప్పుడు నా వద్ద లేదు.

జీబ్రా చేప మన దేశపు వాగుల్లో, వరిమడుల్లో తిరిగే చిన్న చేప. దాని పిండం తల్లి కడుపు బయటే, గాజులా పారదర్శకంగా పెరుగుతుంది. ఒక్క రోజుకే గుండె కొట్టుకుంటుంది. అయితే సూక్ష్మదర్శిని కింద తీవ్రమైన వెలుతురు లేత కణాలను దెబ్బతీస్తుంది. అందుకే పక్క నుండి పలుచని కాంతి పొరను పంపి, ఆ పొర మేరకే చిత్రం తీసే పద్ధతి వచ్చింది. 2008లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఇలా తొలి 24 గంటల్లో వేలాది కణాల కదలికలను నమోదు చేశారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ ఈ చేపపై పరిశోధనలు సాగుతున్నాయి.

చేప వేరు, మనిషి వేరు. అయినా మన జన్యువుల్లో సుమారు 70 శాతానికి సాటి జన్యువులు దానిలో ఉన్నాయి.

మనిషి పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాళం ఫలదీకరణ జరిగిన 28 రోజులకల్లా మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని చాలావరకు ముగుస్తుంది. కనుక రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గర్భానికి కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. ఇదివరకు ఇటువంటి బిడ్డ పుట్టి ఉంటే మోతాదు పెంచవలసి ఉంటుంది. వైద్యుని తప్పక సంప్రదించండి. పెళ్లయిన మీ ఇంటి ఆడపిల్లలకు ఈ మాట ముందుగానే చెప్పండి.