వంగదేశపు శరత్తు

మహాలయామావాస్య యనగా మన యిండ్లలో పితృతర్పణముల దినము. వంగదేశమున నదియు గలదు గాని, ఆనాడు తెల్లవారుజామున నాలుగింటికే యిల్లాండ్రు లేచి రేడియో పెట్టుదురు. కలకత్తా రేడియోకేంద్రము 1931లో మొదలిడిన ‘మహిషాసురమర్దిని’ యను గానరూపకము వారి కప్పుడు వినవలెను. రచన బాణీకుమార్, సంగీతము పంకజ మల్లిక్, చండీపఠనము వీరేంద్రకృష్ణ భద్ర. 1976లో దీనికి మారుగా ప్రసిద్ధ నటుడు ఉత్తమకుమారుని గొంతుతో వేరొకటి వినిపింపగా జనులు సహింపలేదు. పాతదానినే మరల తేవలసివచ్చెను. మాకు వంగభాష రాదు. సంస్కృతశ్లోకములు మనవే గదా! భద్రగారి కంఠము గద్గదమగుచోట మాకు భాషయే యక్కరలేకపోయెను.

హౌరానుండి బర్దవానుకు పోవు రైలుదారిలో పాలసిట్ అను చిన్న స్టేషను గలదు. ఆ ప్రాంతపు రెల్లుపొలములోనే సత్యజిత్ రే 1952 అక్టోబరులో ‘పథేర్ పాంచాలి’ చిత్రీకరణ మారంభించెను. మన గోదావరి లంకలలో పూచు రెల్లే యది. వారము గడచి వచ్చి చూడగా పూలన్నిటిని పసులు మేసినవట! మరుసటి శరత్తుదాక ఆగవలసివచ్చెను. 1955లో వెలువడిన యా చిత్రమున అక్కాతమ్ములు రైలు చూడ పరుగెత్తునది యీ రెల్లులోనే.

అక్క పేరు దుర్గ. పూజలకు పుట్టినింటికి వచ్చు ఆడుబిడ్డయే దుర్గ యని వంగస్త్రీల భావన. కావున సోదరీమణులారా, ఉదయమున నా గానము విని, సాయంకాలమున నీ చిత్రము చూడుడు. ఇందలి దుర్గ వానలో తడిసి జ్వరముతో పోవును. సంగతి తెలియని తండ్రి కూతునకై చీర తెచ్చి తల్లి చేతికిచ్చును. ఆమె రోదనము మనకు వినబడదు. దానికి మారుగా తార్‌షెహనాయి మ్రోగును.