సెల్లార్‌లో గాలిపటం

మాదాపూర్‌లో సముద్రం ఎక్కడుంది?

ఈ ప్రశ్న మా అక్కది. అడగదూ మరి! ఒక్కగానొక్క కొడుకు కొండాపూర్ ఫ్లాట్‌లోకి సగం మనిషంత సంచీ మోసుకొచ్చి, ‘ఇది గాలిపటమమ్మా... దీన్ని పట్టుకుని సముద్రం మీద జారుతారు’ అన్నాడట. ధర వినగానే అక్క నాకు ఫోన్ చేసింది. ‘‘ఒరే తమ్ముడూ, సంక్రాంతికి ఇరవై రూపాయల పతంగి దగ్గర బేరమాడేవాడు నలభై వేలు పెట్టి గాలిపటం కొంటున్నాడ్రా. రెండ్రోజులు చూసి డబ్బివ్వమన్నారట. నువ్వోసారి వచ్చి చూడు.’’

మావాడికి ఈ పిచ్చి 2024 పారిస్ ఒలింపిక్స్‌తో పట్టుకుంది. కైట్‌సర్ఫింగ్‌కి ఒలింపిక్స్‌లో చోటు దొరికింది అప్పుడే. పోటీలు జరిగింది పారిస్‌లో కాదు, మార్సెయ్ సముద్రంలో. నడుముకి పట్టీ, పట్టీకి హ్యాండిల్, హ్యాండిల్ నుంచి ఇరవై మీటర్లు దాటిన దారాలు, ఆ చివర ఓ పెద్ద గాలిపటం, కాళ్ల కింద పలక... ఇంతే సరంజామా. పటం అంచున సైకిల్ ట్యూబులా గాలి నింపే గొట్టం ఉంటుంది. నీళ్లలో పడ్డా మునగదు, మళ్లీ లేపుకోవచ్చు. లెగెన్యూ అనే ఇంటిపేరున్న ఇద్దరు ఫ్రెంచి అన్నదమ్ములు 1984లో దీనికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు.

అక్క అడిగిన ప్రశ్నకి మావాడి దగ్గర జవాబుంది. ‘‘సముద్రం ఎందుకు మామయ్యా, దుర్గం చెరువు ఉందిగా!’’

ఆదివారం పొద్దున్నే ఇద్దరం కేబుల్ బ్రిడ్జి మీద నిలబడ్డాం. 2020 సెప్టెంబరులో ఈ వంతెన తెరిచాక ఊళ్లోవాళ్లంతా దుర్గం చెరువుని చూశారు గానీ, అంతకుముందు దాన్ని ‘సీక్రెట్ లేక్’ అనే పిలిచేవాళ్లు. చుట్టూ రాళ్లగుట్టలు, వాటి మధ్యలో నీళ్లు. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో ఇక్కడ గుట్టలే ఎత్తు. ఇప్పుడు ఎటు తిరిగినా అద్దాల మేడలే.

వంతెన మీద గాలి బాగానే కొడుతోంది. మావాడి మొహం వెలిగిపోతోంది. ‘‘పైన కాదురా, కింద నీళ్లని చూడు’’ అన్నాను. వానాకాలంలో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు చూడ్డం నాకలవాటు. నీటి మీద గాలిని ఎలా చదవాలో అక్కడి కుర్రాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. చెరువులో ఒకచోట నీళ్లు గరుకు కాగితంలా ఉన్నాయి. పది బారల అవతల అద్దంలా నిశ్చలం. ఇంకోచోట అలలు ఎదురు దిక్కుకి పరిగెడుతున్నాయి. మేడలకీ గుట్టలకీ తగిలిన గాలి ముక్కలై, సుళ్లు తిరిగి కిందికి దిగుతుందన్నమాట. పడవవాడికి గాలి ఆగితే పడవ ఆగుతుంది, అంతే. పటంవాడికి గాలి ఆగితే పటం కూలుతుంది. మరుక్షణం గాలి విసిరితే అదే పటం మనిషిని ఎగరేసి లాక్కుపోతుంది. గాలి వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అలా ఎగరేసినప్పుడు సముద్రంలో అయితే నీళ్లలో పడతాం. ఇక్కడ? గట్టు, రాళ్లు, కరెంటు తీగలు, మధ్యలో ఈ వంతెన తాళ్లు!

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, ‘‘సముద్రానికే వెళ్తాలే. సామాను మాత్రం కొనుక్కుంటా’’ అన్నాడు.

సరే, ఆ సామానేదో చూద్దామని సాయంత్రం వాళ్ల అపార్ట్‌మెంట్‌ సెల్లార్‌లో కార్ల మధ్య ఖాళీ చూసి పటం పరిచాం. పద్నాలుగు చదరపు మీటర్లు! అందులో సగం పక్కవాళ్ల స్కూటర్ మీదికి వెళ్లింది. పంపు కొడుతుంటే పిల్లలు చేరారు. వాచ్‌మన్ అయితే కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. అంచు గొట్టం గట్టిపడ్డాక పంపు పీకేసి, ‘‘పొద్దున దాకా ఇలాగే ఉంచు’’ అన్నాను. నా తెలివేం కాదు లెండి, పాత పటం కొనేటప్పుడు చేయాల్సిన మొదటి పరీక్ష ఇదేనని ఫోన్‌లో ఓ శిక్షకుడు చెప్పాడు. తెల్లారి ఆరింటికి వాచ్‌మన్ బెల్లు కొట్టాడు. ‘‘సార్, మీ పతంగి పండుకుంది.’’

వెళ్లి చూస్తే గొట్టం ఉతికిన దుప్పటిలా వేలాడుతోంది. లీకైతే అతుకు వేయించవచ్చు, దాన్ని పెద్ద లోపమనను. నాలుగు దారాల కొసల్నీ కలిపి స్తంభానికి కట్టి లాగితే, ఒక పక్కది జానెడు పొడవు తేలింది. అలాంటి పటం ఎప్పుడూ ఒకే పక్కకి తిరుగుతుంది. అదీ సరిచేసుకోవచ్చు. అసలు భయం లేబుల్ చూశాక పట్టుకుంది... 2003 నాటి సరుకు. 2005-06 ప్రాంతంలో ఈ పటాల తీరే మారిపోయింది. ఇప్పటివాటికి హ్యాండిల్‌ని దూరంగా వదిలితే లాగుడు దాదాపు మొత్తం తగ్గిపోతుంది. ఆ పాతవాటికి అంత వెసులుబాటు లేదు. లాగడం మొదలెడితే లాగుతూనే ఉంటాయి. ఒక్క గుద్దుతో పటాన్ని వదిలించుకునే ఎర్ర మీట కూడా ఉప్పుకి బిగుసుకుపోయి కదల్లేదు. నిండు బరువు వేసి లాగుతున్నప్పుడు ఆ మీట పనిచేయకపోతే, మిగతాదంతా ఎంత చవకైతే ఏం లాభం?

పైగా పద్నాలుగు మీటర్ల పటం మావాడికెందుకు? ఎంత పెద్దదైతే అంత మంచిదనుకున్నాడు పాపం. ధూల్‌పేటలో పతంగులు కొన్న బుద్ధి! ఇక్కడ లెక్క వేరు. మనిషి బరువు ఒకటి, వెళ్లే తీరంలో వీచే గాలి రెండోది. డెబ్భై, డెబ్భై అయిదు కిలోల మనిషికి గంటకి 28 నుంచి 37 కిలోమీటర్ల గాలిలో పన్నెండు మీటర్ల పటం ఇంచుమించు సరిపోతుంది. యాభై అయిదు కిలోలుంటే తొమ్మిది చాలు. గాలి పెరిగితే పటం తగ్గాలి. పలక విషయంలో మాత్రం కొత్తవాళ్లకి పెద్దదే మేలు... 140 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. నిలబడ్డం సులువు, గాలి కాస్త తగ్గినా మునగదు.

కొత్తది మొత్తం సెట్టు కొనాలంటే రెండు లక్షలు దాటిపోతుంది. అందుకే పటం, పలక నేర్పేవాళ్ల దగ్గరే వాడుకోవడం నయం. మొదటి వారంలో వాటిని ఎన్నిసార్లు నీళ్లకేసి కొడతామో లెక్క ఉండదు. నేర్చుకున్నాక గానీ మన చేతికి ఏది నప్పుతుందో తెలీదు. ముందుగా కొనదగ్గవి హెల్మెట్, తేలే జాకెట్, హార్నెస్ అనే నడుం పట్టీ. పట్టీ చెప్పులాంటిది, ఒకరిది ఇంకొకరికి కుదరదు. వదులైతే పక్కటెముకల మీదికి ఎక్కుతుంది. ఇంకా సరదా ఉంటే రెండు మీటర్ల చిన్న శిక్షణ పటం కొనుక్కోవచ్చు. తీగలు లేని ఖాళీ మైదానంలో, మెత్తటి గాలిలో ఎగరేస్తే చేతులకి లాగుడు అలవాటవుతుంది.

పాత పటం వెనక్కి వెళ్లింది. పట్టీ కొన్నాడు. నేర్చుకునే చోటు దగ్గర అక్క అడ్డం తిరుగుతుందనుకున్నాం. ‘రామేశ్వరం’ అనగానే, ‘‘నేనూ వస్తా’’ అంది!

మన పెద్దలకి కాశీ నుంచి తెచ్చిన గంగతో పని ఉన్న రామేశ్వరం, ఈ కుర్రాళ్లకి గాలి ఊరు. ఎండాకాలం చివర నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఆగకుండా వీస్తుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి. ఒక పక్క మన్నార్ సింధుశాఖ, రెండో పక్క లోతు తక్కువ పాక్ జలసంధి. చెన్నైలో రైలు మారి, 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త పాంబన్ వంతెన దాటి దిగాం. అక్క గుళ్లో ఇరవై రెండు తీర్థాల నీళ్లు పోయించుకుంటుంటే, మావాడు మోకాలి లోతు సముద్రంలో ఉప్పునీళ్లు తాగుతున్నాడు.

మొదటి రోజు పలక ముట్టుకోనివ్వలేదు. ఒడ్డున చిన్న పటం, ఆ ఎర్ర మీట. కళ్లు మూసుకుని కూడా కొట్టగలగాలట, ముప్ఫైసార్లు కొట్టించారు. రెండో రోజు పలక లేకుండా పటం వెంట బోర్లా ఈడ్పించుకోవడం. మూడో రోజు పన్నెండు మీటర్ల పటంతో లేచి నిలబడ్డాడు. నేను లెక్కపెట్టాను, ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్లలో అక్క ఒడ్డున నా చెయ్యి నలిపేసింది. గాలి ఒక్కసారి ఉబికింది. వాడు హ్యాండిల్ వదిలేశాడు. పటం నిశ్శబ్దంగా నీళ్ల మీద వాలింది. సెల్లార్‌లో చూసిన 2003 నాటి పటమే వాడి నడుముకి ఉండుంటే... అక్కకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడా పట్టీ కొండాపూర్ బాల్కనీలో అక్క చీరల పక్కన ఆరుతోంది. ఎదురింటావిడ అదేమిటని అడిగిందట. ‘‘మావాడి నడుంనొప్పికి’’ అని చెప్పింది అక్క.