రెండవమారు చూడవలసిన కొలువులు

ప్రదర్శన అనే మాట వినగానే మన ఇళ్ళలో ముందుగా జ్ఞాపకం వచ్చేది దసరా బొమ్మల కొలువు. పాడ్యమి నాటికి మెట్లు కట్టి, మరపాచి బొమ్మల జంటను పై మెట్టున నిలిపి, తొమ్మిది రోజులూ ఏదో ఒక చేర్పు చేస్తూ వచ్చి, విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి ముగిస్తాము. ఏటేటా ఒక్క కొత్త బొమ్మయినా చేరవలెనని పెద్దల నియమం. కనుక కొలువుకు ఒక పుట్టుక, ఒక పెంపు, ఒక ముగింపు ఉన్నవి. మొదటిరోజు పేరంటానికి వచ్చి చూచినవారు తొమ్మిదవరోజు కొలువును చూచినట్లు కాదు. నగరాలలో చిత్రశాలలు జరిపే ప్రదర్శనలు కూడ ఈ తీరువే.

మన కోలారు గోల్డ్ ఫీల్డ్స్ వారికి చిత్రశాల చూడవలెనంటే బెంగుళూరు పోక తప్పదు. మారికుప్పంలో బండి ఎక్కి, ఛాంపియన్, ఊర్గాం, కోరమాండల్ స్టేషన్లు దాటి, బంగారుపేట మీదుగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఆదివారం తప్ప తీరిక దొరకని మాబోటి గుమాస్తాలకు ఇది అంత సుళువు కాదు గాని, నెల విడిచి నెల పోయివచ్చే అలవాటు మేము కొన్నేళ్ళుగా చేసుకున్నాము. కుమారకృప రోడ్డులో 1960లో వెలసిన చిత్రకళా పరిషత్తు ఉన్నది. అక్కడ చిత్రకారులు కొద్ది రోజులకు గది తీసుకుని తమ పటాలు తగిలించుకుంటారు. ఏటా జనవరిలో ఒక్క ఆదివారం ఆ రోడ్డంతా చిత్రసంతె పేరిట పటాలతో నిండిపోతుంది. ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్ అనే పాత భవంతిలో 2009 ఫిబ్రవరిలో జాతీయ ఆధునిక చిత్రశాల తలుపులు తెరిచారు. అక్కడ ప్రదర్శనలు నెలల తరబడి సాగుతవి.

ప్రదర్శన ప్రారంభమైన సాయంత్రం జనం ఎక్కువ, చూపు తక్కువ. దీపం వెలిగించడం, కాఫీ తాగడం, ఒకరినొకరు పలకరించుకోవడం, వీటితోనే పొద్దుపోతుంది. వారం తిరిగేసరికి జనం పలచబడతారు. అప్పుడు చిత్రకారుడు ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. అడిగినవారికి ఓపికగా చెబుతాడు. అమ్ముడైన పటం పక్కన ఒక ఎర్రచుక్క అంటిస్తారు. ఆ చుక్కలు ఒక్కొక్కటే పెరుగుతూ ఉంటే చూచేవారి కళ్ళు కూడ ఆ పటాల వైపే మళ్ళడం మేము గమనించాము. చివరిరోజు సాయంత్రం పటాలు దింపి, మేకులు పీకి, కంతలు పూడ్చి, గోడకు మళ్ళీ తెల్లరంగు వేస్తారు. మరుసటి వారం పోయిన మనిషికి అక్కడ ఏమి జరిగినదీ తెలియదు.

కొన్ని ప్రదర్శనలకు గడువు పెట్టడంలో ఇంకొక కారణం కూడ ఉన్నది. నీటిరంగుల పటాలు, పాత ఛాయాచిత్రాలు, బట్ట మీది పనులు వెలుతురుకు వెలిసిపోతవి. అందుకనే వాటిని సుమారు 50 లక్స్ మించని మసకవెలుతురులో, అదీ కొద్ది నెలలు మాత్రమే ఉంచి, తిరిగి చీకటి గదికి చేర్చి విశ్రాంతి ఇస్తారు. మనం గోడకు తగిలించిన పెళ్ళిఫోటో ముప్ఫై ఏళ్ళకు పసుపు తిరిగిపోవడం ఇందువల్లనే.

విదేశాలలో ఈ మార్పునే ముఖ్యవస్తువుగా చేసుకున్నవారున్నారు. యాయోయి కుసామా అనే జపాను కళాకారిణి 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ చిత్రశాలలో ఒక గదిని ఏర్పాటు చేసింది. గోడలు, బల్లలు, కుర్చీలు సమస్తమూ తెలుపే. వచ్చిన పిల్లలందరికీ రంగురంగుల చుక్కల కాగితాలిచ్చి, తోచినచోట అంటించమన్నారు. నాళ్ళు గడిచేకొద్దీ తెలుపు కనబడకుండా పోయి, గదంతా చుక్కల తోట అయిపోయింది. 2010 అక్టోబరులో లండన్‌లోని టేట్ మోడరన్‌లో చైనా కళాకారుడు ఐ వైవై పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు నేలంతా పరిపించాడు. చైనాలో పదహారు వందలమంది పనివారు చేతితో చేసి రంగు దిద్దిన గింజలవి. జనం వాటి మీద నడవవచ్చునన్నారు. కాని కొద్ది రోజులకే ఆ నడకకు లేచే పింగాణీ దుమ్ము ఊపిరికి చేటని తెలిసి, నడక మానిపించి, దూరాన నిలబడి చూడమన్నారు. రాతిదుమ్ము పీల్చి, దగ్గుతో మంచం పట్టిన తాతలను ఎరిగిన మన ఊరి కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంత దూరం పోకుండా మన కోలారు సీమలోనే ఇటువంటివి చూడవచ్చును. గోల్డ్ ఫీల్డ్స్‌కు సమీపాననే ఉన్న కమ్మసంద్రలో కోటిలింగేశ్వర క్షేత్రం 1980లో మొదలైనది. 108 అడుగుల లింగం, ఎదుట 35 అడుగుల నంది అందరికీ తెలిసినవే. వాటి చుట్టూ వరుసలుగా నిలిచిన చిన్నలింగాలు మాత్రం భక్తులు తమ కుటుంబాల పేర ఒక్కొక్కటిగా చేర్పించినవి. చూడవచ్చినవారి చేతనే పెరిగిన కొలువు కదా ఇది! బ్రిస్బేన్ గదికి ఇరవై రెండేళ్ళ ముందే మన పక్క ఊళ్ళో ఈ పద్ధతి నడిచిందని తలచుకుంటే ముచ్చట వేస్తుంది.

మాలూరు తాలూకాలోని శివారపట్టణం మరొకటి. ఇది శిల్పుల ఊరు. వీధిలో నడుస్తూ ఉంటే ఇంటింటి ముందరా వినాయకులు, ఆంజనేయులు, అమ్మవార్లు నిలబడి ఉంటారు. కొందరు పూర్తి అయినవారు, కొందరు నడుము దాకా మాత్రమే రాతిలోంచి బయటపడినవారు. కొన్ని ఇళ్ళలో మైనపు బొమ్మ చేసి, దానికి మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట పంచలోహం పోసి విగ్రహాలు తీస్తారు. మేము శ్రావణంలో ఒకమారు, కార్తీకంలో మరొకమారు సకుటుంబంగా పోయివచ్చాము. శ్రావణంలో ఒక ఇంటి ముందు నల్లని రాతిదిమ్మ, దాని మీద ఎర్రగీతలు మాత్రం ఉన్నవి. ముఖం పొడవును తాళమనీ, దానిలో పన్నెండవ వంతును అంగుళమనీ లెక్కపెట్టి, ఉత్తమ దశతాళ విగ్రహానికి మొత్తం 124 అంగుళాలు ఉండవలెనని ఆ ఇంటి ఆచారిగారు వివరించారు. ఇది మన స్కేలు మీది అంగుళం కాదు; విగ్రహమెంతో దాని అంగుళమూ అంతే. కార్తీకంలో పోయేసరికి ఆ దిమ్మలోనుంచి ఒక అమ్మవారు వచ్చి నిలబడి ఉన్నది. కిరీటం, హారాలు, చీర కుచ్చెళ్ళు అన్నీ అమరినవి గాని కళ్ళు లేవు.

“ఏమండీ ఆచారిగారూ, కళ్ళెప్పుడు?” అని మా చిన్నమ్మాయి అడిగింది.

“కళ్ళు కడపట, తల్లీ. అమ్మ చూడడం మొదలుపెట్టినాక మనం ఉలి పట్టకూడదు” అన్నారాయన, సగం కన్నడం, సగం తెలుగు కలిపి.

ఆ విగ్రహం ఏదో గుడికి వెళ్ళిపోతుంది. దాని చోట మరొక దిమ్మ వచ్చి దిగుతుంది. ఆ వీధిలో ప్రారంభోత్సవం లేదు, ముగింపు లేదు; వస్తువులు మాత్రం మారుతూ ఉంటవి.

ఈ కళ్ళతో మన గోల్డ్ ఫీల్డ్స్‌ను చూచినామంటే, అదీ ఒక పెద్ద ప్రదర్శనే. 1880లో జాన్ టైలర్ కంపెనీ వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి విద్యుచ్ఛక్తి వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసివేశారు. ఆ తరువాత మిగిలినవి నిలువుగనుల మీది ఇనుప చట్రాలు, పాత బంగళాలు, పనివారి లైన్ ఇళ్ళు, సైనైడు దిబ్బలు. ఈ దిబ్బలు ఉదయం బూడిదరంగు, సాయంకాలం గోధుమరంగు. వాన కురిసినకొద్దీ కొత్త గాడులు పడతవి. గాలికాలంలో దుమ్ము లేచి వాకిళ్ళలోకి వస్తుంది. 2018లో విడుదలైన సినిమా వల్ల దేశమంతా వీటిని తెరమీద చూచింది. వీటిలో మూడు కోట్ల టన్నులకు పైగా మట్టి ఉన్నదని లెక్క. ఆ మట్టిలో ఇంకా మిగిలిన బంగారాన్ని తీయించేందుకు, 13 దిబ్బల విషయమై 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం సమ్మతి తెలిపింది. దిబ్బ తరిగితే దుమ్ము తరుగుతుంది. పిల్లలకు నాలుగు ఉద్యోగాలు దొరికితే సంతోషమే. మేము దిబ్బలు అట్లాగే ఉండవలెనని కోరము. కాని పటాలు దింపే దినం ఒకటి వస్తుందని తెలిసినప్పుడు, ఆలోగా తనివితీరా చూడవలసిన బాధ్యత చూచేవారిది.

ఇక్కడొక లోటున్నది. చిత్రశాలలో ప్రతి పటం పక్కనా ఒక చిన్న చీటీ ఉంటుంది: వేసినవారెవరు, ఏ సంవత్సరం, దేనితో వేశారు అని. ఆ చీటీ లేకపోతే పటం ముందు నిలబడి బిక్కమొగం వేయవలసినదే. మన ఊళ్ళో చాలవాటికి చీటీలు లేవు. అవి మన ముసలివాళ్ళ నోళ్ళలో ఉన్నవి. ఏ షాఫ్టు ఏ సైరన్‌తో మొదలయ్యేది, ఏ లైన్‌లో ఎవరు కాపురమున్నారు, ఏ చెట్టు కింద జీతాల దినం అంగళ్ళు వెలిసేవి అన్న సంగతులు వారికే తెలుసు. పిల్లలు బెంగుళూరులో, ఇంకా దూరదేశాలలో స్థిరపడుతున్నారు. పెద్దలు ఒక్కొక్కరుగా సెలవు తీసుకుంటున్నారు.

మా ఇంటి పెట్టెలో తాతగారి ఇత్తడి నంబరు బిళ్ళ ఒకటి ఉన్నది. ఎనభై దాటిన మా మేనత్తగారిని కూర్చోబెట్టి అడిగితే, అది ఏ గనిదో, తాతగారు ఏ షిఫ్టుకు దిగేవారో, ఏ రాత్రి ఆలస్యంగా తిరిగివస్తే ఇంటిల్లిపాదీ గడప దగ్గర నిలబడినారో పూసగుచ్చినట్లు చెప్పారు. మేము అదంతా ఒక కాగితం మీద రాసి, సంవత్సరం వేసి, బిళ్ళతో పాటు కట్టి ఉంచాము. ఆమె చెప్పి ఉండకపోతే అది తూకానికి అమ్మే ఇత్తడి ముక్క మాత్రమే.

మన కుటుంబాలన్నిటిలోను ఇటువంటి బిళ్ళలు, దీపాలు, గ్రూపు ఫోటోలు ఉండకపోవు. సోదరీసోదరులారా, వచ్చే ఆదివారం పెట్టె తెరవండి. ఫోటో వెనుక పేర్లు రాయండి, పెన్సిలుతో, మెల్లగా, అచ్చు అవతలికి పడకుండా. తెలియని పేరు దగ్గర ఖాళీ విడిచి, తెలిసిన పెద్దవారి ఇంటికి ఆ ఫోటో పట్టుకుని వెళ్ళండి. ఆ పెద్దవారు ఈ నెలలో ఒకటి చెబుతారు, పై నెలలో పోతే మరొకటి జ్ఞాపకం చేసుకుంటారు. అందువల్ల రెండవమారు కూడ వెళ్ళండి.